కౌబాయ్ కట్టుడు పళ్ళు

మొన్న ఆదివారం ఫ్రీమాంట్‌లో మా ఇంటికి భోజనానికొచ్చిన స్నేహితుల అమ్మాయి డెంటల్ స్కూల్‌లో సీటొచ్చిన సంబరంలో ఉంది. పప్పులో నెయ్యి కలుపుకుంటూ నన్నడిగింది: "ఆంటీ, మీరు ఎప్పుడైనా మిస్టేక్ చేశారా? లైక్, రియల్లీ బిగ్ మిస్టేక్?"

మా ఆయనకి ఇలాంటి ప్రశ్నలంటే ప్రాణం. "కౌబాయ్ కథ చెప్పవే," అన్నారు వెంటనే. ఆ కథ నాకంటే ఆయనే బాగా చెబుతారు. కాకపోతే ఆయన చెప్పినప్పుడు అందులో నా తప్పు కొంచెం పెద్దదవుతుంది, ఆయన పాత్ర ఇంకొంచెం పెద్దదవుతుంది. నిజానికి ఆ వ్యవహారం మొత్తంలో ఆయన చేసిందల్లా ఒక శనివారం కారు నడపడం. అందుకే నేనే రాసి పెడుతున్నాను. పళ్ళ డాక్టరు జ్ఞాపకాలు మనకెందుకులే అనుకోకండి. పళ్ళు అందరికీ ఉంటాయి, కొన్నాళ్ళపాటు.

నేను హైదరాబాద్‌లో బీడీఎస్ చదివి, రెండేళ్ళు ప్రాక్టీస్ చేసి, పెళ్ళయ్యాక డెబ్బైల చివర్లో ఓక్లహోమా వచ్చాను. మా ఆయనకి టల్సాలో ఆయిల్ కంపెనీ ఉద్యోగం. నా డిగ్రీ ఇక్కడ చెల్లదన్నారు. మళ్ళీ చదివి, పరీక్షలు రాసి లైసెన్స్ తెచ్చుకునేదాకా నేను ఎవరి నోట్లోనూ వేలు పెట్టకూడదు. ఖాళీగా కూర్చునే స్వభావం కాదు నాది. టల్సాకి గంట దూరంలో ఒక చిన్న ఊళ్ళో, ఒక డాక్టరు గారి క్లినిక్ వెనక గదిలో కట్టుడు పళ్ళు చేసే పనికి కుదిరాను.

ముందు గదిలో ఆయన పేషెంట్ నోటి అచ్చు తీసేవారు. ఆ అచ్చు వెనక గదికి వస్తే నేను అందులో ప్లాస్టర్ పోసి, మైనం మీద పళ్ళు పేర్చి, సెట్ తయారుచేసేదాన్ని. పేషెంట్ మొహం నేను చూడనక్కర్లేదు, మాట విననక్కర్లేదు. చేతికి ప్లాస్టర్ దవడ వస్తే చాలు. ఇదే పెద్ద సుఖమని ఆ రోజుల్లో అనుకునేదాన్ని, ఎందుకంటే ఆ ఊరివాళ్ళ ఇంగ్లీష్ నాకు సగం అర్థమయ్యేది కాదు.

డాక్టరు గారు అరవై దాటిన తెల్లాయన. మనిషి వెన్న. కానీ చేపలు పట్టే పిచ్చి. శుక్రవారం మధ్యాహ్నం దాటాక ఎవరు నోరు తెరిచినా ఆయనకి నచ్చేది కాదు. ఇక క్లినిక్‌లో మిగిలింది అసిస్టెంట్. ఆవిడ చెరోకీ అనే అమెరికన్ ఇండియన్ తెగ మనిషి, నాకంటే పదేళ్ళు పెద్ద, మాటలు బహు తక్కువ. మధ్యాహ్నం నా డబ్బాలో పులిహోర ఆవిడ తినేది. చిక్కుళ్ళు వేసి మొక్కజొన్న పిండితో చేసిన ఆవిడ రొట్టె నేను తినేదాన్ని. మా స్నేహం చాలావరకు నోటి నిండా తిండితోనే నడిచింది.

ఎనభైల మొదట్లో ఒక వేసవిలో డాక్టరు గారు ఒక అచ్చు పట్టుకుని, గుడిలో ప్రసాదం తెచ్చినంత భక్తిగా వెనక గదికి వచ్చారు. "ఇది ఎవరిదో తెలుసా?" అని ఒక పేరు చెప్పారు. నాకు తెలియదన్నాను. ఆయన నన్ను జాలిగా చూసి, చెప్పమని అసిస్టెంట్‌కి సైగ చేసి వెళ్ళిపోయారు.

ఆవిడ అంతసేపు మాట్లాడటం నేను వినడం అదే మొదలు. ఆ అచ్చు తాలూకు మనిషి చెరోకీ కౌబాయ్. అక్కడికి దగ్గర్లోనే పొలంలో పుట్టాడు. నడకతో పాటే గుర్రపు స్వారీ నేర్చాడు. పదిహేనేళ్ళకి పశువుల మందల వెంట టెక్సాస్ దాకా తిరిగాడు. పశువుల్ని పట్టే ఉచ్చుతాడు తిప్పితే అది ఆయన చుట్టూ ఆడేదట, ఆయన అందులోంచి గెంతి బయటికొచ్చి మళ్ళీ లోపలికి దూరేవాడట. కౌబాయ్‌లు పోటీలు పడే రోడియోల్లో, ఊరూరా తిరిగే షోల్లో అదే బతుకుతెరువైంది. తాడు తిప్పుతూ ఊరికే ఉండలేక రెండు మాటలు విసిరేవాడు. కొన్నాళ్ళకి జనం తాడు కోసం కాక మాటల కోసం రావడం మొదలుపెట్టారు. న్యూయార్క్ స్టేజీ ఎక్కాడు. సినిమాల్లో హీరోల బదులు గుర్రం మీంచి కిందపడ్డాడు. ఆ తర్వాత ఇరవయ్యేళ్ళు రేడియోలో వారానికోసారి పేపరు చేత్తో పట్టుకుని రాజకీయ నాయకుల్నీ, వానల్నీ, తన ఆవుల్నీ కలిపి ఆటపట్టించాడు. మమ్మల్నెప్పుడు తిడతావని గవర్నర్లే ఉత్తరాలు రాసేవారట.

ఇప్పుడు డెబ్బై దాటాయి. చిగుళ్ళ జబ్బుతో పై పళ్ళన్నీ తీసేయాల్సి వచ్చింది. సెప్టెంబర్‌లో మన తిరునాళ్ళలాంటి కౌంటీ ఫెయిర్‌లో, శనివారం మధ్యాహ్నం, ఆయన ప్రోగ్రామ్ పెట్టారు. స్టేజీ ఎక్కి నాలుగేళ్ళయిందట. ఊరంతా ఎదురుచూస్తోంది. అప్పటికి పళ్ళు తయారుకావాలి.

పళ్ళు తీసేయకముందు డాక్టరు గారు తీసిన అచ్చు కూడా నా ముందుంది. దాంట్లో ముందు పళ్ళు రెండింటి మధ్య అగ్గిపుల్ల దూరేంత సందు.

అది చూసి నాకు మనసు ద్రవించిపోయింది. ఎందుకో చెప్పాలి. చిన్నప్పుడు నాకూ అలాంటి సందే ఉండేది. ఫొటో స్టూడియోకి వెళ్ళినప్పుడల్లా మా మేనత్త "నోరు మూసుకుని నవ్వవే తల్లీ" అనేది. నోరు మూసుకుని నవ్వడం ఎలాగో ఎవరైనా ప్రయత్నించి చూడండి. మా చిన్ననాటి ఫొటోలన్నిటిలో నేను కడుపునొప్పి వచ్చినదానిలా ఉంటాను. డెంటల్ కాలేజీలో చేరాక మూడో ఏడాదిలో నా క్లాస్‌మేట్స్ చేత ఆ సందు మూయించుకున్నాను. ఆ రోజు నాకు ఎంత హాయిగా ఉందంటే, పళ్ళ డాక్టరు ఎందుకయ్యావని ఎవరైనా అడిగితే అదే చెప్పేదాన్ని.

ఇంత గొప్ప మనిషి ఇంతకాలం అంతమంది ముందు ఈ సందుతో నిలబడ్డాడా పాపం అనుకున్నాను. డాక్టరు గారు చీటీలో పళ్ళ రంగు, సైజు రాశారు గానీ సందు సంగతి రాయలేదు. నేనూ అడగలేదు. కాస్త వెడల్పు పళ్ళు ఏరి, ఒకదానికొకటి అంటుకునేలా ముత్యాల్లా పేర్చాను. ఆ సెట్ చూసి డాక్టరు గారు ఈల వేసినంత పని చేశారు. నా లైసెన్స్ కాగితాలతో పాటు డెంటల్ బోర్డ్‌కి పంపిస్తానని ఫొటో కూడా తీయించారు.

పెట్టిన రోజు నన్నూ ముందు గదిలోకి పిలిచారు. సన్నగా పొడుగ్గా ఉన్నాడాయన. టోపీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఆ రాష్ట్రంలో నన్ను చూడగానే రెండు రకాల ఇండియన్ల గురించి జోకు వేయని మొదటి మగమనిషి ఆయనే. లేచి నిలబడి, "డాక్టర్," అన్నాడు. నేనింకా డాక్టర్ని కానని చెప్పినా వినలేదు.

అద్దంలో చాలాసేపు చూసుకున్నాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు: "ఈయనెవరో గానీ, ఈయన దగ్గర సెకండ్ హ్యాండ్ కారు మాత్రం నేను కొనను."

డాక్టరు గారూ నేనూ పడీపడీ నవ్వాం.

వారానికి మళ్ళీ వచ్చాడు. ఎక్కడైనా ఒత్తుతోందా అని డాక్టరు గారు అడిగితే, ఒత్తడం లేదన్నాడు. "కాకపోతే నిన్న నేను పిలిస్తే నా గుర్రం కంచె దూకి పారిపోయింది. ఎవడో దొంగ వచ్చాడనుకుంది." మళ్ళీ నవ్వాం. డాక్టరు గారు మూలమూలా వెతికి, ఎక్కడా పుండు లేదని పంపేశారు. ఇంకో వారానికి మళ్ళీ వచ్చాడు. "మా ఆవిడకి ఫోన్ చేస్తే నాతో ఎంతో మర్యాదగా మాట్లాడింది, డాక్టర్. పెళ్ళయ్యాక ఇదే మొదటిసారి. చివర్లో, మీరెవరో చెప్పలేదంది."

నేను ఈ జోకులన్నీ ఒక నోట్‌బుక్‌లో రాసుకున్నాను. అమెరికా వచ్చాక ఇంగ్లీష్ జోకు సరైన చోట సరైన టైమ్‌కి అర్థమవడం అదే మొదలు నాకు. ఇంటికెళ్ళి చెబితే మా ఆయన పొట్ట పట్టుకునేవారు. "రిటైరైన మనిషి, కాలక్షేపానికి వస్తున్నాడు," అన్నారు డాక్టరు గారు.

ఫెయిర్ వారం వచ్చింది. బుధవారం మధ్యాహ్నం రొట్టె తింటూ అసిస్టెంట్ ఉన్నట్టుండి అడిగింది: "నువ్వెందుకు నవ్వుతావు?"

"జోకు వేస్తే నవ్వరా?"

"మూడు వారాలుగా ఆయన నీకు చెబుతూనే ఉన్నాడు."

"ఏం చెప్పాడు? బాగా లేకపోతే బాగా లేదని అనొచ్చుగా?"

"నువ్వు కష్టపడి చేశావని ఆయనకి తెలుసు. అనడు." ఆవిడ రొట్టె మడిచి డబ్బాలో పెట్టేసింది. "రేపు రిహార్సల్ ఉంది. నాతో రా."

ఒకరింటికి భోజనానికెళ్ళి కూరలో ఉప్పు లేకపోతే మనం మాత్రం ఏమంటాం? "మీ వంట ఆరోగ్యానికి చాలా మంచిదండీ" అంటాం. ఆ మాట నేనూ ఎన్నోసార్లు అన్నాను. ఇంకొకరు నాతో అంటే పట్టుకోలేకపోయాను.

గురువారం మధ్యాహ్నం ఫెయిర్ గ్రౌండ్స్‌లో పశువుల పోటీలు జరిగే పెద్ద షెడ్డుకి వెళ్ళాం. రంపపు పొట్టు పరిచిన నేల మీద ఆయన తాడు తిప్పుతున్నాడు. అసిస్టెంట్ చెప్పింది నిజమే, ఆ తాడుకి ప్రాణముంది. తిప్పుతూనే సెనేటర్ల గురించి ఏదో మొదలుపెట్టాడు. మాట సాగుతోంది, తాడు సాగుతోంది, రెండూ ఒకే ఊపులో ఉన్నాయి. సరిగ్గా నవ్వు రావాల్సిన చోటికి ముందు ఆగాడు. నోరు ముడిచాడు.

ఏమీ రాలేదు. గాలి కూడా రాలేదు.

తాడు ఒక్క క్షణం అలాగే తిరిగి, వంకరపోయి, ఆయన బూట్ల మీద పడిపోయింది. మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ అదే చోట ఆగింది. మూడోసారి తాడు తీయనేలేదు. ఫెయిర్ కమిటీ మనిషినొకణ్ణి పిలిచి, "నా టైమ్ ఆ ఫిడేలు కుర్రాళ్ళకి ఇచ్చెయ్యండి. వాళ్ళ పళ్ళు బాగున్నాయి," అన్నాడు. కమిటీ ఆయన పెద్దగా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

దగ్గరికి వెళ్ళాను. "అక్కడ ఏం రావాలి?" అని అడిగాను.

ఆయన నా వైపు చూసి, అసిస్టెంట్ వైపు చూసి, కంచె మీద కూర్చున్నాడు. జోకు వేస్తాడనుకున్నాను. వేయలేదు.

"ఏడేళ్ళప్పుడు నన్ను గవర్నమెంటు బడిలో పడేశారు, డాక్టర్. హాస్టల్. అక్కడ మా భాష మాట్లాడితే నోట్లో సబ్బు పెట్టి కడిగేవాళ్ళు. నాకు ఇంగ్లీష్ రాదు. మా భాష కూడదు. ఇక నోట్లో మిగిలింది ఏముంది? ముందు పళ్ళ మధ్య సందు ఉండేది. అందులోంచి ఈల వేసేవాణ్ణి. చిన్న ఈల. అది ఏ భాషో పంతులమ్మకి తెలియలేదు."

అసిస్టెంట్ తల వంచుకుని వింటోంది.

"పెద్దయ్యాక మొదటిసారి స్టేజీ మీద మాట్లాడుతుంటే మధ్యలో ఇంగ్లీష్ మాట మర్చిపోయాను. అలవాటుకొద్దీ ఈల వచ్చేసింది. జనం విరగబడి నవ్వారు. పేపర్లో 'టైమింగ్' అని రాశారు. టైమింగ్ లేదు, ఏమీ లేదు. నేను మాట కోసం వెతుక్కుంటున్నాను. యాభై ఏళ్ళుగా వెతుక్కుంటూనే ఉన్నాను. ఆ ఈల ఉంటే మాట దొరుకుతుంది. లేకపోతే..." తాడు చుట్ట చుట్టడం మొదలుపెట్టాడు.

నాకు ఏడుపొచ్చింది. దుకాణంలో కొత్తిమీర పేరు గుర్తురాక గుమస్తా ముందు నిలబడి చేతులు తిప్పిన మనిషిని నేను. ఫోన్ మోగితే ముందు మనసులో వాక్యం కూర్చుకునిగానీ ఎత్తేదాన్ని కాదు. ఆయనకి మాట దొరికే చోటుని, అందంగా ఉంటుందని, నా రెండు చేతులతో మూసేశాను.

"ఆ సందు పూడ్చింది నేనే," అన్నాను.

"తెలుసు, డాక్టర్. చాలా బాగా పూడ్చావు. మా పశువుల కొట్టం తలుపు కూడా అంత గట్టిగా పడదు."

"రేపు సాయంత్రం దాకా మీ టైమ్ ఎవరికీ ఇవ్వొద్దని కమిటీకి చెప్పండి. పొద్దున్నే క్లినిక్‌కి రండి."

మాటైతే ఇచ్చాను గానీ, పేషెంట్ నోట్లో వేలు పెట్టే అధికారం నాకెక్కడిది? డాక్టరు గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన గాలాలు సర్దుకుంటున్నారు. విషయం విని మొహం ఎర్రగా చేసుకున్నారు. "నేను చూసిన సెట్లలో అది బెస్ట్. దాన్ని పాడుచేస్తానంటావా? బోర్డ్‌కి ఫొటో పంపాలి!"

"ఫొటో పంపకండి," అన్నాను. పాత ప్లాస్టర్ అచ్చు తెచ్చి ఆయన ముందు పెట్టాను. "ఇది చూసి కూడా నేను సందు మూసేశాను. ఎవరినీ అడగలేదు."

ఆయన ఆ అచ్చుని అటూ ఇటూ తిప్పి చూశారు. ఇరవయ్యేళ్ళు ఆ రేడియో విన్న మనిషి. "ఈ అచ్చు తీసింది నేను," అన్నారు. "పెట్టిన రోజు నవ్వింది కూడా నేనే." గాలాల పెట్టె మూసి కుర్చీ కిందకి తోసేశారు. ఆయన శుక్రవారం వదులుకోవడం ఆ ఊళ్ళో ఎవరూ ఎరగరు.

శుక్రవారం పొద్దున ఎనిమిదికి మొదలుపెట్టాం. ముందు పళ్ళు రెండూ కోసి తీసేశాను. కొంచెం సన్న పళ్ళు మైనంతో నిలబెట్టి, వాటి వెనక అంగిలి వైపు గులాబీ రంగు ప్లాస్టిక్‌ని కాస్త అరగదీశాను, గాలికి దారి ఉండాలి కదా. నేను వెనక గదిలో సర్దడం, డాక్టరు గారు నోట్లో పెట్టడం, కౌబాయ్ ఈల వేయడం. తీర్పు చెప్పేది అసిస్టెంట్. చిన్నప్పటి నుంచీ ఆ ఈల రేడియోలో విన్న చెవులు ఆవిడవి.

మొదటిసారి బొత్తిగా వెడల్పయింది. "రైలు," అంది ఆవిడ. రెండోసారి ఎలక. మూడోసారి డాక్టరు గారు బాగుందన్నారు గానీ ఆవిడ తల అడ్డంగా ఊపింది. సన్న ఆకురాయితో ఒక్క వెంట్రుక మందం తీశాను. పాత అచ్చులో ఎడమ పన్ను రవ్వంత ముందుకు తిరిగి ఉందని అప్పుడు గమనించి, దాన్నీ అలాగే తిప్పాను. కాలేజీలో అలా పేరిస్తే నన్ను ఫెయిల్ చేసేవాళ్ళు.

నాలుగోసారి ఆయన ఈల వేయగానే అసిస్టెంట్ చేతిలోని ట్రే కింద పెట్టి, కిటికీ వైపు తిరిగి నిలబడింది. ఎవరూ ఆవిడని తీర్పు అడగలేదు. సాయంత్రానికి పళ్ళు గట్టిగా బిగించి, పాలిష్ చేసి ఇచ్చాం.

డెంటల్ స్కూల్‌కి వెళ్ళే పిల్లలకి ఇక్కడే ఒక మాట చెప్పేస్తాను, చివర్లో నీతిబోధలా ఉండకుండా. తర్వాత నాకు లైసెన్స్ వచ్చింది. బోర్డ్‌కి డాక్టరు గారు రాసిన ఉత్తరంలో నా తప్పూ ఉంది, తన తప్పూ ఉంది, శుక్రవారమూ ఉంది. మళ్ళీ ముప్ఫయ్యేళ్ళు పళ్ళు కట్టాను. అచ్చు తీసే ముందు ప్రతి పేషెంట్‌నీ ఐదు నిమిషాలు మాట్లాడించేదాన్ని. సిగ్గుపడేవాళ్ళని, మీకు గిట్టనివాళ్ళెవరినైనా తిట్టండి అనేదాన్ని. తిట్టేటప్పుడు మనిషి నోరు ఎలా పనిచేస్తుందో ఏ ఎక్స్‌రేలోనూ కనబడదు. ఎవరైనా కుర్చీలో కూర్చుని జోకు వేస్తే మాత్రం ముందు చేతిలో పని ఆపేదాన్ని.

శనివారం మా ఆయన కారు నడిపారు. చెక్క బెంచీలన్నీ నిండిపోయాయి. ముందు వరసల్లో చెరోకీ ముసలివాళ్ళు, వెనక పిల్లల్ని ఎత్తుకున్న తల్లులు. డాక్టరు గారు చేపల టోపీతోనే వచ్చారు. సీటు ఉన్నా కూర్చోలేదు. నేనూ కూర్చోలేదు. పళ్ళు ఊడి పడితే పరువు పోయేది కౌబాయ్ ఒక్కడిదే కాదు.

గుర్రం దిగి, తాడు విప్పి, సెనేటర్ల సంగతే ఎత్తుకున్నాడు. తాడు తిరుగుతోంది. ఆ చోటు వచ్చింది. ఆగాడు. ఈల వినబడింది, సన్నగా, దూరాన కెటిల్ మరిగి కూసినట్టు.

జోకు ఇంకా రాకముందే జనం లేచి నిలబడ్డారు. ముసలివాళ్ళు మోకాళ్ళు చరుచుకున్నారు. మా ఆయనకి ఏమీ అర్థం కాకపోయినా చప్పట్లు కొట్టారు. ఆ గోలలో తాడు ఒక్కసారి కూడా తడబడలేదు. ఆయన మొహం చూస్తే పాతికేళ్ళు తగ్గినట్టుంది.

అలా అరగంట గడిచింది. చివర్లో తాడు ఆపి, చుట్టి చేత్తో పట్టుకుని, ఇంకో కథ మొదలుపెట్టాడు. మధ్యలో ఆగి ఈల వేశాడు. అందరూ నవ్వి, మాట కోసం ఎదురుచూశారు. ఆయన రెండోసారి ఈల వేశాడు. ఈసారి ఎంతకీ ఇంగ్లీష్ మాట రాలేదు. పళ్ళు కదిలాయేమో అనుకున్నాను.

అప్పుడాయన చెరోకీలో మాట్లాడాడు. ఒక్క మాట కాదు, నిదానంగా, నాలుగైదు వాక్యాలు. తర్వాత ముందు వరసలో ఒక ముసలావిడ నవ్వు మొదలుపెట్టింది. పక్కనున్నవాళ్ళు అందుకున్నారు. ఆ వరస మొత్తం ఊగిపోయింది. నా పక్కన అసిస్టెంట్ నవ్వుతూ కళ్ళు తుడుచుకుంటోంది.

"ఇన్నేళ్ళలో స్టేజీ మీద మా భాష ఎప్పుడూ మాట్లాడలేదు," అంది.

"ఏమన్నాడు?"

ఆవిడ చెప్పబోయి ఆగింది. ఇంగ్లీష్‌లో ఎలా చెప్పాలో వెతుక్కుంది. చివరికి చేతులెత్తేసింది. "రావడం లేదు. ఇంగ్లీష్‌లోకి వస్తే అది జోకు కాదు. కానీ నీ గురించే."

ముందు వరసలోని ముసలివాళ్ళు ఒక్కొక్కరే వెనక్కి తిరిగి, నన్ను వెతికి పట్టుకుని, నా వైపు చూసి మళ్ళీ నవ్వారు. నాకు ఒక్క ముక్క కూడా అర్థం కాలేదు. నా పని గురించి అంతకంటే మంచి మాట ఇంకెవరూ అనలేదు.